కోతి కేసూ, మత్స్యావతారమూ

అమెరికాలో తెలుగువాళ్ళు నలుగురు చేరిన చోట పిల్లల చదువుల ప్రస్తావన రాకుండా ఉండదు. మేముండే టెనెసీ వంటి దక్షిణాది రాష్ట్రంలో అయితే చదువుల వెనకే డార్విన్ మాట కూడా వస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు పులిహోర పళ్ళెం చేత్తో పట్టుకుని తప్పకుండా అనే మాట ఒకటుంది. "ఈ గొడవంతా వీళ్ళ బైబిలుతోటండీ. మనకా పేచీ లేదు. చేప, తాబేలు, పంది, సగం సింహం సగం మనిషి, ఆపైన మనిషి. డార్విన్ కంటే ముందే మనవాళ్ళు చెప్పేశారు." చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపుతారు. సంభాషణ ఇళ్ళ ధరల మీదికి మళ్ళుతుంది.

ఈ మాటలో నిజమెంతో తేల్చుకోవాలంటే ముందు వీళ్ళ గొడవేమిటో చూడాలి గదా. దానికి నేను ఎక్కువ దూరం పోనక్కర్లేదు. మేముండే చాటనూగాకి ఉత్తరాన నలభై మైళ్ళ దూరంలో డేటన్ అనే చిన్న ఊరుంది. రే కౌంటీకి అదే ముఖ్యపట్టణం. 1891లో కట్టిన ఎర్ర ఇటుకల కోర్టు భవనం, దాని మీద గడియారం, చుట్టూ పెద్ద చెట్లు. మన తాలూకా కచేరీల దగ్గర వాతావరణమే, కాకపోతే అర్జీలు రాసిపెట్టేవాళ్ళు ఉండరు. మేడ మీద హాలుని 1925లో ఉన్నట్టే అట్టేపెట్టారు. కింద నేలమాళిగలో చిన్న మ్యూజియం. ఇండియా నుంచి వచ్చిన చుట్టాలకి చూపించవలసినవన్నీ చూపించాక మిగిలే చోటు ఇది. నేను చాలాసార్లే వెళ్ళాను.

1925 మార్చిలో టెనెసీ శాసనసభ ఒక చట్టం చేసింది. దాన్ని ప్రతిపాదించినవాడు జాన్ బట్లర్ అనే రైతు. బైబిలు చెప్పిన దైవసృష్టిని కాదని, మనిషి తక్కువ జాతి జంతువుల నుంచి వచ్చాడని ప్రభుత్వ బడుల్లో చెప్పడం నేరం. చెప్పిన మేష్టారికి 100 నుంచి 500 డాలర్ల వరకు జరిమానా. ఎవరైనా ఈ చట్టాన్ని కోర్టులో ఎదుర్కొంటానంటే ఖర్చులు మేం పెట్టుకుంటామని న్యూయార్కులోని అమెరికన్ పౌరహక్కుల సంఘం పత్రికల్లో ప్రకటించింది. ఆ ప్రకటన డేటన్‌లో గనుల కంపెనీ వ్యవహారాలు చూసే రాపెల్యే అనే ఆయన కంట పడింది. ఊరి వ్యాపారం దెబ్బతిని ఉంది. ఈ కేసేదో మన ఊళ్ళో పెడితే పదిమంది వస్తారు, హోటళ్ళు నిండుతాయి, ఊరి పేరు దేశమంతా తెలుస్తుంది. ఇదీ ఆయన ఆలోచన. రాబిన్సన్ మందుల షాపులో బల్ల చుట్టూ పెద్దమనుషులు కూర్చుని ఈ సంగతి తేల్చారు. మతానికీ శాస్త్రానికీ మహాయుద్ధం అని పుస్తకాలకెక్కిన కేసు పుట్టుక ఇది!

ముద్దాయి కావాలి గనక జాన్ స్కోప్స్ అనే కుర్ర మేష్టారిని పిలిపించారు. వయసు 24. అసలు పని ఫుట్‌బాల్ కోచింగు, దాంతోపాటు సైన్సు పాఠాలు. టెన్నిస్ ఆడుతున్నవాణ్ణి ఆట మధ్యలో పిలుచుకొచ్చారు. జీవశాస్త్రం మేష్టారు సెలవులో ఉన్నప్పుడు ఆ క్లాసు ఇతను తీసుకున్నాడు. పరిణామ పాఠం తను చెప్పాడో లేదో స్కోప్స్‌కే సరిగ్గా గుర్తులేదు. కాని పాఠ్యపుస్తకంలో ఆ పాఠం ఉంది. ఆ పుస్తకాన్ని నిర్ణయించింది రాష్ట్ర ప్రభుత్వం. అమ్ముతున్నది అదే మందుల షాపు. షాపు యజమాని రాబిన్సన్ కౌంటీ విద్యాసంఘానికి అధ్యక్షుడు కూడా. అంటే చట్టం చేసిందీ, చట్టానికి విరుద్ధమైన పుస్తకం పెట్టిందీ ఒకటే ప్రభుత్వం. మన దేశంలో ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళకి ఇందులో వింతేమీ కనిపించదు.

జులై 10న విచారణ మొదలైంది. ప్రాసిక్యూషన్ వైపు విలియం జెన్నింగ్స్ బ్రయన్. 1896, 1900, 1908లలో మూడుసార్లు డెమొక్రాటిక్ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి పోటీచేసి మూడుసార్లూ ఓడినవాడు, విదేశాంగ మంత్రిగా చేసినవాడు, గొప్ప వక్త. స్కోప్స్ వైపు షికాగో లాయరు క్లారెన్స్ డారో. ఆయన అజ్ఞేయవాదం దేశమంతటికీ తెలుసు. ఊరంతా తిరునాళ్ళు. నిమ్మరసం అమ్మేవాళ్ళు, బైబిళ్ళు అమ్మేవాళ్ళు, సూటూ బూటూ తొడిగిన చింపాంజీని తెచ్చి ఆడించినవాళ్ళు. షికాగో రేడియో స్టేషన్ డబ్ల్యూ.జి.ఎన్. కోర్టు హాల్లో మైకులు పెట్టి వాదోపవాదాల్ని ప్రసారం చేసింది. బాల్టిమోర్ నుంచి వచ్చిన మెంకెన్ అనే పత్రికా రచయిత ఊరివాళ్ళని ఎంతగా వెక్కిరిస్తూ రాశాడంటే, ఆ వెక్కిరింపే ఈ కేసుకి శాశ్వతమైన రంగు పూసింది. డేటన్ అంటే మూఢుల ఊరు అని. ఆ ఊరివాళ్ళు తమాషాకి పిలిచిన అతిథులే వాళ్ళని తమాషా చేసి పోయారు.

పరిణామవాదం గురించి సాక్ష్యం చెప్పడానికి డారో పక్షం శాస్త్రజ్ఞుల్ని పిలిపించింది. జడ్జి రాల్స్‌టన్ ఆ సాక్ష్యం జ్యూరీ వినడానికి వీల్లేదన్నాడు. సిద్ధాంతం నిజమా కాదా అన్నది కేసు కాదు, స్కోప్స్ పాఠం చెప్పాడా లేదా అన్నదే కేసు. న్యాయంగా చూస్తే ఆ మాటలో తర్కం లేకపోలేదు. దాంతో డారోకి దారి మూసుకుపోయింది. జులై 20న ఆయన ఎవరూ ఊహించని పని చేశాడు. అవతలి పక్షం లాయరునే, బైబిలు తెలిసిన నిపుణుడిగా బోనెక్కమన్నాడు. బ్రయన్ సరేనన్నాడు. జనం బరువుకి మేడ కూలుతుందేమోనన్న భయంతో ఆ రోజు కోర్టుని బయట పచ్చిక మీదికి మార్చారు. చెట్ల కింద, జులై ఎండలో, రెండు గంటలపాటు ప్రశ్నలు. యోనాని మింగిన పెద్దచేప గురించి, యెహోషువ ఆపిన సూర్యుడి గురించి, కయీను భార్య ఎక్కణ్ణించి వచ్చిందన్న దాని గురించి. సృష్టి జరిగిన ఆరు రోజులూ ఇరవైనాలుగు గంటల రోజులేనా అని డారో అడిగినప్పుడు, కానక్కర్లేదు, అవి యుగాలైనా కావచ్చునని బ్రయన్ ఒప్పుకున్నాడు.

ఈ జవాబు దగ్గర నేను ఎప్పుడూ కాసేపు ఆగుతాను. సినిమాల్లోనూ నాటకాల్లోనూ ఇది బ్రయన్ ఓడిపోయిన ఘట్టం. నాకైతే ఆ రెండు గంటల్లో ఆయన చెప్పిన అన్నిట్లోకీ నిజాయితీ గల మాట అదే. గ్రంథాన్ని అక్షరాలా నమ్మేవాడు కూడా ఎక్కడో ఒకచోట తాత్పర్యం చెప్పుకోక తప్పదు. ఒకచోట తాత్పర్యం చెప్పుకోవచ్చు అన్నాక, రెండోచోట ఎందుకు చెప్పుకోకూడదు? ఆ ప్రశ్నకి బ్రయన్ దగ్గర జవాబు లేదు. ఆ సాక్ష్యాన్ని మర్నాడు జడ్జి రికార్డులోంచి కొట్టేయించాడు. పై కోర్టుకి వెళ్ళడం కోసం, మా ముద్దాయిని దోషి అనే తేల్చండి అని డారోయే అడిగాడు. జ్యూరీకి తొమ్మిది నిమిషాలు పట్టింది. జరిమానా 100 డాలర్లు. అయిదు రోజుల తరవాత, ఆదివారం నాడు చర్చికి వెళ్ళొచ్చి భోజనం చేసి కునుకు తీసిన బ్రయన్ ఆ నిద్రలోనే పోయాడు, డేటన్‌లోనే. 1927లో టెనెసీ సుప్రీంకోర్టు ఆ శిక్షని కొట్టేసింది. కారణం డార్విన్ కాదు. 50 డాలర్లకి మించిన జరిమానా జ్యూరీ వెయ్యాలి గాని జడ్జి వెయ్యకూడదట! చట్టం మాత్రం 1967 దాకా అలాగే ఉంది.

ఇంత వరకు చాలామందికి తెలిసిన కథే. స్కోప్స్ వాడిన ఆ పాఠ్యపుస్తకంలో ఏముందో మాత్రం మనవాళ్ళకి అంతగా తెలియదు. హంటర్ రాసిన "సివిక్ బయాలజీ", 1914 నాటిది. అందులో పరిణామ పాఠం పక్కనే మనుషుల్ని అయిదు జాతులుగా విడగొట్టి, అందరికంటే ఉన్నతమైనది తెల్లజాతి అని రాసి ఉంది. బుద్ధి తక్కువ, నేరబుద్ధి గల కుటుంబాలు సంఘానికి పరాన్నభుక్కులు అనీ, వాళ్ళకి పిల్లలు పుట్టకుండా చూడాలనీ కూడా ఉంది. ఆ రోజుల్లో అదీ సైన్సే. డార్విన్ పేరు చెప్పి బలవంతుడిదే రాజ్యమనే వాదం చేస్తున్నారని, జర్మను సైన్యాధికారులు యుద్ధాన్ని అలాగే సమర్థించుకున్నారని బ్రయన్ భయం. శాస్త్రం విషయంలో ఆయన మాట నిలవలేదు. ఈ భయం మాత్రం అంత తీసిపారేయదగింది కాదు.

1925 అంటే మన దేశపు మనిషికి ఈ దేశంలో పౌరసత్వం లేని కాలం. భగత్‌సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 1923లో ఆ తలుపు మూసేసింది. అదే 1923లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో దిగాడు. డేటన్‌లో కోతి కేసు నడుస్తున్న ఏడాదే ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించాడు. ఆ పద్ధతికి ఈనాటికీ ఇద్దరి పేర్లూ కలిపే చెబుతారు. హంటర్ పుస్తకం లెక్కన ఆయన స్థానం ఎక్కడో మీరే ఊహించుకోండి. సుబ్బారావు ఒకప్పుడు రామకృష్ణ మఠంలో సన్యాసిగా చేరదామనుకున్న మనిషి కూడాను. మతమూ ప్రయోగశాలా ఒక బుర్రలో ఇమడవనే వాళ్ళకి ఆయన్ని చూపించాలి.

ఇక పులిహోర పళ్ళెం దగ్గరికి. దశావతారాల్లో పరిణామవాదం ఉందన్న మాట మన తాతముత్తాతల నాటిదని అనుకుంటాం. జాతుల పుట్టుక గురించిన డార్విన్ పుస్తకం వచ్చింది 1859లో, మనిషి పుట్టుక గురించిన పుస్తకం 1871లో. ఆరేళ్ళు తిరిగేసరికి, 1877లో, న్యూయార్కులో అచ్చయిన ఒక పుస్తకంలో బ్లావట్‌స్కీ అనే రష్యన్ మహిళ అవతారాల వరసని డార్విన్ సిద్ధాంతంతో జతచేసింది. దివ్యజ్ఞాన సమాజం పెట్టిన ఆవిడే. 1882లో కలకత్తాలో కేశవచంద్ర సేన్ తన ఉపన్యాసంలో ఇలాంటి పోలికే తెచ్చాడు. అదే ఏడాది బ్లావట్‌స్కీ, ఆల్కాట్ దొర మద్రాసు నుంచి బకింగ్‌హాం కాలువ మీద పడవలో నెల్లూరు వచ్చి, అక్కణ్ణించి గుంటూరు కూడా వెళ్ళారు. మన ఊళ్ళలో ఇంగ్లీషు చదువుకున్న పెద్దలు వాళ్ళకి స్వాగతాలు చెప్పారు. పాలించే దొర మీ పురాణాలు పుక్కిటివని వెక్కిరిస్తుంటే, ఇంకో తెల్లమనిషి వచ్చి వాటిలో సైన్సుందని చెప్పడం ఎంత తీపిగా ఉండి ఉంటుందో ఊహించవచ్చు. ఆ తీపి ఇంకా తగ్గలేదు. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన భారత సైన్స్ కాంగ్రెస్‌లో, పిల్లలు కూర్చున్న సభలో, దశావతారాలు డార్విన్ సిద్ధాంతం కంటే మెరుగైనవని చెప్పింది మన ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలరే.

మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా వాళ్ళ బయాలజీ టీచరు పరిణామ పాఠాన్ని ఒక్క పీరియడులో ముగించేసింది. తల్లిదండ్రుల దగ్గర్నుంచి ఫోన్లు వస్తాయని ఆవిడ భయం. టెనెసీలో 2012లో ఇంకో చట్టం వచ్చింది. దాని ప్రకారం పరిణామవాదం వంటి విషయాల్లో బలహీనతల్ని టీచర్లు చర్చించవచ్చు. గవర్నరు దానిమీద సంతకం పెట్టకుండానే అమల్లోకి రానిచ్చాడు. అది వచ్చాక ఎవరేం మాట్లాడితే ఏమవుతుందోనన్న బెరుకు ఇంకా పెరిగింది. అమ్మాయి ఇంటికొచ్చి "మనం ఏది నమ్ముతాం?" అని అడిగింది. ఆ సమయానికి మా ఇంట్లో ఉన్న మిత్రుడొకాయన దశావతారాల సంగతి ఎత్తుకున్నాడు. మా అమ్మ ఆ ఏడు ఇక్కడే ఉంది. రోజూ పొద్దున్నే పోతన భాగవతం చదువుకునే మనిషి. వంటింట్లోంచి విని, చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"అదేమిటి నాయనా, చేప మొదట వచ్చిందంటావు? సత్యవ్రతుడనే రాజు కృతమాలలో తర్పణం వదులుతుంటే దోసిట్లోకొచ్చింది కదా ఆ చేప! చేప వచ్చేటప్పటికే రాజున్నాడు, రాజ్యముంది. మనిషి తరవాత పుట్టాడని అందులో ఎక్కడుంది?" అంది. తరవాత మనవరాలితో, "దేవుడు ఎందుకొచ్చాడో చెప్పే కథే అది. ఎవరి తరవాత ఎవరు పుట్టారో మీ టీచరమ్మనే అడుగు" అంది. మా మిత్రుడు కాఫీ తాగి వెళ్ళాడు.

పోతనని చదివినవాళ్ళు పోతన మీద ఇలాంటి బరువు పెట్టరని నా అనుభవం. పైగా వరస ఒకటి కుదిరినంత మాత్రాన సిద్ధాంతం అయిపోదు. చేపలు నేల మీదికి పాకిన కాలం సుమారు 37 కోట్ల యాభై లక్షల ఏళ్ళ కిందటిదని తెలిశాక, షికాగోకి చెందిన నీల్ షూబిన్ బృందం ఆ వయసున్న రాళ్ళు ఎక్కడ బయటపడి ఉన్నాయో పటాల్లో చూసి, కెనడా ఉత్తరపు కొసన ఎల్జ్‌మియర్ దీవికి వెళ్ళింది. 1999 నుంచి కొన్ని వేసవులు ఆ చలిలో తవ్వింది. 2004లో రెక్కలో మణికట్టు వంటి ఎముకలున్న చేప దొరికింది. పేరు టిక్టాలిక్. ఫలానా కాలపు రాతిలో ఫలానా జంతువు ఉండాలి అని ముందుగా చెప్పి, వెళ్ళి తవ్వి, దొరకకపోతే తల దించుకోవడానికి సిద్ధపడటం, ఇదీ ఆ పని. మత్స్యావతారం చదివి ఏ రాతిని పగలగొట్టాలో ఎవరూ చెప్పలేరు. చెప్పమని పోతన ఏనాడూ అడగలేదు. మన గోదావరి, ప్రాణహిత లోయలోని రాళ్ళలోనూ ఇలాంటి సాక్ష్యం ఉంది. అక్కడ దొరికిన కోటాసారస్ అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. నౌబత్ పహాడ్ ఎక్కి వెంకటేశ్వరస్వామి దర్శనం చేసుకుని, దిగుతూ దాన్ని కూడా చూసి వచ్చే జనానికి రెంటికీ మధ్య ఇబ్బందేమీ కనిపించదు.

అమెరికాలో కోతి కేసు చాలాసార్లు మళ్ళీ పుట్టింది. వాటిలో నాకు ఇష్టమైనది పెన్సిల్వేనియాలోని డోవర్‌ది. 2004లో అక్కడి స్కూలు బోర్డు, జీవుల వెనక తెలివైన రూపకర్త ఉన్నాడనే వాదం గురించి పిల్లలకి ఒక ప్రకటన చదివి వినిపించాలంది. పదకొండు మంది తల్లిదండ్రులు కోర్టుకెళ్ళారు. వాళ్ళ తరఫున ముఖ్య సాక్షి కెనెత్ మిల్లర్ అనే జీవశాస్త్రజ్ఞుడు, నిష్ఠ గల కాథలిక్కు. చింపాంజీకి 48 క్రోమోజోములుంటే మనిషికి 46 ఎందుకున్నాయో, రెండు క్రోమోజోములు కొసలు కలిసి ఒకటైన అతుకు మన రెండో క్రోమోజోములో ఎలా కనిపిస్తోందో బోనులో నిలబడి వివరించాడు. బోర్డు పిల్లలకి సూచించిన పుస్తకం పాత చిత్తుప్రతులు కూడా కోర్టుకొచ్చాయి. సృష్టివాదాన్ని బడుల్లో చెప్పకూడదని 1987లో సుప్రీంకోర్టు అన్నాక, ఆ పుస్తకంలో "సృష్టివాదులు" అన్నచోటల్లా "రూపకల్పనవాదులు" అని మార్చుకుంటూ పోయారు. ఒకచోట కంప్యూటర్ మీద సరిగ్గా చెరపక పాతమాట ముక్కలు కొత్తమాటకి అటూ ఇటూ అతుక్కుని మిగిలిపోయాయి. రెండు జాతుల మధ్య శిలాజం దొరకలేదంటారే, ఇదిగో దొరికింది అని జీవశాస్త్రజ్ఞులు నవ్వుకున్నారు. 2005 డిసెంబరు 20న జడ్జి జోన్స్ 139 పేజీల తీర్పు ఇచ్చాడు. అది సైన్సు కాదు, మతమే అన్నాడు. ఆయన్ని నియమించింది బుష్. ఆయనా చర్చికి వెళ్ళేవాడే.

మన దేశంలో డేటన్ వంటి విచారణ జరగలేదు. అంతమాత్రాన పేచీ లేదనలేం. వృక్షశాస్త్రం చెప్పే గోపరాజు రామచంద్రరావు, మనందరికీ గోరాగా తెలిసిన ఆయన, దేవుడు లేడన్నందుకు 1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీలో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. పాఠం చెప్పవచ్చు, దాని మీదుగా ఆలోచన సాగించకూడదు. అదీ మన పద్ధతి. 2023లో పదో తరగతి ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకంలోంచి పరిణామవాదం భాగాన్ని తీసేశారని తెలిసి 1800 మందికి పైగా శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు బహిరంగలేఖ మీద సంతకాలు పెట్టారు. పదకొండు, పన్నెండు తరగతుల్లో బయాలజీ తీసుకుంటే ఆ పాఠం ఉంటుంది. పదితో చదువు ఆపే పిల్లలకీ, లెక్కల గ్రూపు తీసుకునే మన పిల్లలకీ ఉండదు. డేటన్‌లో తొమ్మిది నిమిషాల జ్యూరీ అయినా ఉంది. ఇక్కడ సిలబస్ భారం తగ్గించామన్న ఒక్క ముక్కతో సరి.

కాకినాడకే సంబంధించిన ఇంకో సంగతి చెప్పాలి. పరిణామవాదానికి గణితపు పునాది వేసిన వాళ్ళలో ఒకడైన జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తా వచ్చేశాడు. తరవాత మన దేశ పౌరసత్వం తీసుకున్నాడు. పరిణామవాదం తప్పని ఏది రుజువు చేస్తుందని ఎవరో అడిగితే, కేంబ్రియన్‌కి ముందటి రాళ్ళలో కుందేలు శిలాజం దొరికితే చాలునన్నాడని చెబుతారు. అవతారాల వరసలో వెన్నెముక గల జీవుల పరిణామం లీలగా కనిపిస్తుందన్నవాడూ ఆయనే. ఆ మాటనే మనవాళ్ళు ఎక్కువగా గుర్తుపెట్టుకున్నారు. ఆయన శిష్యుడు పిఠాపురం కుర్రవాడు ద్రోణంరాజు కృష్ణారావు. చెవుల మీద వెంట్రుకలు తండ్రి నుంచి కొడుక్కి ఎలా వస్తాయో కొన్ని తరాల వంశవృక్షం పట్టుకుని పరిశీలించి 1960లో వ్యాసం ప్రచురించాడు. తరవాత అమెరికా వచ్చి హ్యూస్టన్‌లో స్థిరపడి, గురువు గురించి పుస్తకాలు రాశాడు. హాల్డేన్ 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో పోయాడు. తన శరీరాన్ని వైద్యవిద్యార్థుల చదువుకి ఇవ్వాలని ముందే వీలునామా రాసిపెట్టుకున్నాడు. ఆ శరీరం భువనేశ్వర్ నుంచి కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి చేరింది.